కరోనా కాలంలో దేశాలకు పైన ఉండే చట్టం ఏమైంది? అనంతపురం లా విద్యార్థిని ప్రశ్నకు జవాబు

ప్రశ్న క్లుప్తంగా ఇది: "అనంతపురంలో లా చదువుతున్నాను. కరోనా రాగానే యూరోపియన్ యూనియన్ దేశాలు ఒకరి ముఖం మీద ఒకరు తలుపులు వేసుకున్నారు. ప్రపంచమంతా విమానాలు ఆగిపోయాయి. మరి దేశాలకు పైన ఉండే చట్టం అని క్లాసులో చెప్పేది నిజంగా ఉందా? ఉంటే మామూలు మనిషి స్వేచ్ఛకు దానివల్ల ఒరిగిందేమిటి? మా అన్న కువైట్‌లో పనిచేస్తాడు. సెలవుకు వచ్చి ఏడాది పైన ఇక్కడే చిక్కుకుపోయాడు. ఆయనకు ఈ చట్టాల్లో ఏ దారైనా ఉండిందా?"

అమ్మా, నేను కర్నూలు కోర్టుల్లో ముప్పై ఏళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. ముందు సూటిగా చెప్పేస్తాను. ఆ చట్టం ఉంది. 2020 మార్చిలో కొన్ని వారాలు దాని మాట ఎవరూ వినలేదు. ఆ తర్వాత అది లేచి నిలబడింది, కొన్ని విషయాల్లో మునుపటి కన్నా బలపడింది కూడా. దాని పెద్ద లోపం ఆలస్యం. స్వేచ్ఛ విషయంలో ఆలస్యం చిన్న లోపం కాదు. మీ అన్నగారి సంగతి వేరు. ఆయన ఉన్న చోట అలాంటి చట్టమే లేదు. అందుకే ఆయన కష్టం చివర్లో విడిగా రాస్తాను.

'పైన ఉండే చట్టం' అన్న పేరుతో వార్తల్లో, వాట్సాప్‌లో అన్నీ కలిపేస్తారు కాబట్టి కాస్త విడదీద్దాం. సుప్రానేషనల్ లా అని గట్టిగా చెప్పదగ్గది ప్రధానంగా యూరోపియన్ యూనియన్ చట్టమే. అక్కడ 27 దేశాలు తమ అధికారాల్లో కొన్నింటిని యూనియన్‌కు అప్పగించాయి. యూనియన్ చేసిన రెగ్యులేషన్‌ను దేశ పార్లమెంటు మళ్లీ ఆమోదించాల్సిన పని లేదు, నేరుగా అమలవుతుంది. దేశ చట్టంతో తగాదా వస్తే యూనియన్ చట్టానిదే పైచేయి. పౌరుడు తన ఊరి కోర్టులోనే దాన్ని చూపించి హక్కు అడగొచ్చు. అర్థంలో సందేహం వస్తే లక్సెంబర్గ్‌లోని యూనియన్ న్యాయస్థానం తేలుస్తుంది. స్ట్రాస్‌బర్గ్‌లోని మానవ హక్కుల కోర్టు కౌన్సిల్ ఆఫ్ యూరప్ అనే ఇంకో సంస్థది, దాని కింద ఇప్పుడు 46 దేశాలున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమాలు, ఐక్యరాజ్య సమితి పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక అంతర్జాతీయ చట్టం కిందికి వస్తాయి. దేశాలు సంతకం పెట్టాయి, కట్టుబడాలి, కానీ తప్పిన దేశాన్ని బోనులో నిలబెట్టే కోర్టు వాటికి లేదు. ఈ తేడా మనసులో పెట్టుకుంటే మిగతాదంతా సులువు.

ఇక 2020 మార్చి. యూనియన్ చట్టపు మూలస్తంభాల్లో రెండింటిని చూడండి. ఒకటి, పౌరులు ఏ సభ్యదేశానికైనా వెళ్లి ఉండే హక్కు. రెండు, సరుకులు అడ్డు లేకుండా తిరగడం. కొద్ది రోజుల్లోనే రెండూ ఊగిపోయాయి. మార్చి మొదటి వారంలో ఫ్రాన్స్ దేశంలోని మాస్కులన్నీ ప్రభుత్వ పరం చేసుకుంది. జర్మనీ మార్చి 4న మాస్కులు, గ్లౌజుల ఎగుమతి ఆపింది. అప్పుడు ఇటలీలో శవాల మీద శవాలు లేస్తున్నాయి, పొరుగు దేశాలను సాయం అడుగుతోంది, తోటి సభ్యదేశాల నుంచి మొదట్లో చేయి రాలేదు. ఇటలీ వాళ్లు ఆ వారాలను ఇప్పటికీ మరచిపోలేదు. సభ్యదేశాల మధ్య ఎగుమతి ఆంక్షలు కుదరవని యూనియన్ ఒప్పందంలో 35వ అధికరణం చెబుతుంది, ఆరోగ్యం కోసం మినహాయింపు ఉండొచ్చని 36 చెబుతుంది. జర్మనీ ఆ మినహాయింపును పట్టుకుంది. యూనియన్ తరఫున పాలన చూసే కమిషన్ ఒత్తిడి పెట్టి, మార్చి 14న యూనియన్ బయటికి వెళ్లే ఎగుమతులకు ఉమ్మడి అనుమతి పద్ధతి తెచ్చాక లోపలి ఆంక్షలు సడలాయి.

మనుషుల విషయం ఇంకా చిక్కు. షెంగెన్ ప్రాంతంలో ఒక దేశం నుంచి ఇంకో దేశానికి వెళ్లేటప్పుడు తనిఖీ ఉండదు. దేశం తాత్కాలికంగా తనిఖీలు పెట్టుకోవచ్చు, కానీ 2016 నాటి షెంగెన్ కోడ్ చెప్పిన కారణాలు శాంతిభద్రతలు, అంతర్గత భద్రత. అంటువ్యాధి అన్న మాట ఆ జాబితాలో లేదు. దేశాలు ఆ భద్రత పేరు కిందనే కరోనాను రాసి సరిహద్దులు మూశాయి. జర్మనీ, పోలండ్ సరిహద్దులో లారీలు పదుల కిలోమీటర్లు నిలిచిపోయాయి. ఒక దేశంలో ఇల్లు, పక్క దేశపు ఆసుపత్రిలో ఉద్యోగం ఉన్న నర్సులు రోజూ దాటే గీత దగ్గర ఆగిపోయారు. లక్సెంబర్గ్ ఆసుపత్రులు నడిచేదే ఫ్రాన్స్, జర్మనీ, బెల్జియం నుంచి రోజూ వచ్చే సిబ్బందితో. మార్చి 23న కమిషన్ సరుకుల కోసం 'గ్రీన్ లేన్‌లు' పెట్టమంది, తనిఖీలన్నీ కలిపినా సరిహద్దు దాటడానికి 15 నిమిషాలకు మించకూడదని చెప్పింది. టమాటాలకు దారి ముందు దొరికింది, మనుషులకు తర్వాత దొరికింది. ఆ వరస నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. ప్రజారోగ్యం యూనియన్‌కు పూర్తిగా అప్పగించిన అధికారం కాదు. అదే ఒప్పందంలో 168వ అధికరణం ప్రకారం ఆరోగ్య విధానం దేశాలదే, యూనియన్ తోడ్పడాలి. ఇవ్వని అధికారాన్ని వాడలేదని యూనియన్‌ను తిట్టడం సరికాదు. పైగా పౌరుల రాకపోకల మీద 2004 నాటి డైరెక్టివ్ (సభ్యదేశాలు తమ చట్టాల్లోకి తెచ్చుకోవాల్సిన యూనియన్ ఆదేశం) అంటువ్యాధి వస్తే కదలికలను ఆపొచ్చని ముందే ఒప్పుకుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం ప్రకారం ప్రబలే అవకాశమున్న జబ్బు అయితే చాలు. కాబట్టి మూయడమే చట్టవిరుద్ధం అనలేం. ఎలా మూశారు, ఎంతకాలం మూశారు, ఎవరిని లోపలికి రానిచ్చి ఎవరిని ఆపారు అన్నవే అసలు ప్రశ్నలు.

ఆ ప్రశ్నలకు లక్సెంబర్గ్ కోర్టు ఇచ్చిన జవాబు మీరు తప్పక చదవాలి. కేసు పేరు నార్డిక్ ఇన్ఫో. బెల్జియం 2020 జులైలో ఒక ఉత్తర్వు ఇచ్చింది. దేశాలకు రంగులు వేసి, ఎరుపు రంగు దేశానికి అత్యవసరం కాని ప్రయాణం చేయకూడదంది. స్వీడన్ ఎరుపు అయింది. స్వీడన్‌కు వేసవి యాత్రలు నడిపే కంపెనీ ఒకటి బుకింగ్‌లన్నీ రద్దు చేసుకుంది. మూడు రోజులకే స్వీడన్ నారింజ రంగుకు మారింది. కంపెనీ నష్టపరిహారం అడిగింది. తీర్పు 2023 డిసెంబరు 5న వచ్చింది.

కోర్టు బెల్జియం లాంటి ఆంక్ష పెట్టే అధికారం ఉందనే చెప్పింది. కానీ షరతులు కట్టింది. ఆంక్ష స్పష్టంగా ఉండాలి, ఎవరికి వర్తిస్తుందో జనానికి ముందే తెలిసేలా ప్రచురించాలి. మా దేశస్థుడు, పరాయి దేశస్థుడు అన్న వివక్ష ఉండకూడదు. దాన్ని సవాలు చేసే కోర్టు దారి తెరిచి ఉండాలి. అవసరానికి మించి ఒక్క అడుగు వేయకూడదు. ఇవన్నీ కొత్త సూత్రాలు కావు, మన సుప్రీంకోర్టు కూడా వాడే ప్రపోర్షనాలిటీయే, అంటే అవసరానికి తగ్గంత ఆంక్షే ఉండాలన్న సూత్రమే. కానీ తేదీలు చూడండి. ఆంక్ష 2020 జులైది, జవాబు 2023 డిసెంబరుది. మూడేళ్లు దాటింది. తండ్రి చావుకు సరిహద్దు దాటలేకపోయిన కూతురికి ఆ తీర్పు ఏం తిరిగిస్తుంది? నేను ఆలస్యం అన్నది దీన్నే.

మరి మధ్యలో ఏం జరిగింది? యూనియన్ నెమ్మదిగా పట్టు బిగించింది. 2020 అక్టోబరు 13న అందరూ ఒకే రంగుల మ్యాపు వాడాలని సిఫారసు చేసింది. అప్పటిదాకా ఒక దేశానికి ఎరుపైన ప్రాంతం ఇంకో దేశానికి పచ్చగా ఉండేది. అది సిఫారసే, తప్పనిసరి కాదు, అందుకని సగమే పనిచేసింది. 2021 జులై 1 నుంచి డిజిటల్ కోవిడ్ సర్టిఫికెట్ వచ్చింది. ఇది రెగ్యులేషన్, అంటే గట్టి చట్టం. దీన్ని రాసిన తీరు నాకు నచ్చింది. టీకా ఒక్కటే కాదు, పరీక్ష ఫలితం గానీ, జబ్బు వచ్చి తగ్గిన రుజువు గానీ చాలు. సర్టిఫికెట్ ఉచితం. సర్టిఫికెట్ చేతిలో ఉంటేనే ప్రయాణ హక్కు అని అర్థం చేసుకోకూడదని చట్టంలోనే రాశారు. అన్నిటికన్నా ముఖ్యం, దానికి గడువు పెట్టారు. మొదట ఏడాది, పొడిగించి 2023 జూన్ 30. ఆ రోజుతో చట్టం ముగిసింది. అత్యవసరం పేరుతో వచ్చిన చట్టం చెప్పిన రోజుకు చచ్చిపోవడం లోకంలో అరుదు. మన 1897 నాటి అంటువ్యాధుల చట్టం బొంబాయి ప్లేగు కోసం వచ్చింది, నూట ఇరవై ఏళ్లు దాటాక 2020లో మళ్లీ తీసి వాడారు.

గడువు లేకపోతే ఏమవుతుందో హంగరీలో చూశాం. 2020 మార్చి 30న అక్కడి పార్లమెంటు ప్రధానికి డిక్రీలతో, అంటే పార్లమెంటుతో పని లేని ఆదేశాలతో, పాలించే అధికారం ఇచ్చింది, ముగింపు తేదీ రాయలేదు. కరోనా నియంత్రణకు అడ్డుపడే తప్పుడు వార్త ప్రచారం చేస్తే ఐదేళ్ల వరకు జైలు. జూన్‌లో ఆ చట్టాన్ని తీసేశారు, కానీ ఇంకో రూపంలో ప్రత్యేక అధికారాలు నిలిచాయి. యూనియన్ ఆ రోజు మాటలకే పరిమితమైంది. అదే ఏడాది డిసెంబరులో మాత్రం, చట్టబద్ధ పాలనను దెబ్బతీసి బడ్జెట్‌కు ముప్పు తెచ్చే దేశానికి యూనియన్ నిధులు ఆపవచ్చని ఒక రెగ్యులేషన్ చేసింది. హంగరీ, పోలండ్ దాన్ని సవాలు చేశాయి, 2022 ఫిబ్రవరి 16న లక్సెంబర్గ్ కోర్టు వాళ్ల వాదన కొట్టేసింది. కరోనా నష్టం పూడ్చడానికి 75,000 కోట్ల యూరోల నిధి అప్పుడే సిద్ధమైంది కాబట్టి ఈ కత్తెరకు పదును ఉంది. ఇంత పెద్ద ఎత్తున ఉమ్మడిగా అప్పు తేవడం, ఉమ్మడిగా టీకాలు కొనడం మునుపు ఊహకు అందని పనులు. మహమ్మారి యూనియన్‌ను పలచన చేసిందనే వాళ్లు ఈ సగాన్ని చూడరు.

షెంగెన్ కోడ్‌ను 2024లో సవరించి పెద్ద ఎత్తున వచ్చే ఆరోగ్య అత్యవసరాన్ని అందులో పేరు పెట్టి చేర్చారు. ఇకమీదట దేశాలు భద్రత పేరు కింద జబ్బును దూర్చాల్సిన అవసరం లేదు. ఏ కారణంతో మూస్తున్నారో ఆ కారణం కిందనే ప్రశ్నించవచ్చు.

స్ట్రాస్‌బర్గ్ గురించి తొందరగా చెప్పేస్తాను. మానవ హక్కుల ఒప్పందంలో 15వ అధికరణం కింద దేశం "అత్యవసరం వచ్చింది, కొన్ని హక్కులను కొంతకాలం పక్కన పెడుతున్నాం" అని రాసి ఇవ్వాలి. లాట్వియా, రొమేనియా, ఎస్టోనియా, జార్జియా లాంటి పది దేశాలు అలా రాసి ఇచ్చాయి. ఇటలీ, ఫ్రాన్స్, జర్మనీ ఇవ్వలేదు, మామూలు పరిమితుల కిందనే నెట్టుకొచ్చాయి. ఏది మేలు అన్న వాదన పండితుల్లో ఇంకా తెగలేదు. నేను రాసి ఇచ్చినవాళ్ల పక్షం. రాసి ఇస్తే కనీసం తేదీ ఉంటుంది, కారణం ఉంటుంది, ఒకరోజు ఉపసంహరించాలి. రొమేనియా లాక్‌డౌన్ మీద వచ్చిన టెర్హెష్ కేసులో, ఇంట్లో ఉండమనడం నిర్బంధం కిందికి రాదని కోర్టు 2021లో పిటిషన్ స్వీకరించలేదు. పిల్లలకు తప్పనిసరి టీకాల మీద చెక్ దేశపు వవ్రిచ్కా కేసులో 2021 ఏప్రిల్ 8న దేశం పక్షాన తీర్పు ఇచ్చింది. ఆ కేసు కరోనా ముందునాటిది, తీర్పు మాత్రం అందరూ కరోనా కళ్లద్దాలతోనే చదివారు.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. భారతదేశం యూనియన్ లాంటిది కాదు, ఒకే దేశం, ఒకే పౌరసత్వం. యూరప్ వాళ్లు ఒప్పందాలతో తెచ్చుకున్నది మనకు 1950 నుంచే రాజ్యాంగంలో ఉంది. 19(1)(డి) దేశమంతా తిరిగే హక్కు, 301 వ్యాపారం అడ్డు లేకుండా సాగడం. అయినా మన దగ్గర జరిగింది చూస్తే షెంగెన్ కథే గుర్తొస్తుంది. 2020 మార్చి 25న హైదరాబాద్ హాస్టళ్ల నుంచి పాసులు పట్టుకుని బయల్దేరిన పిల్లలు తెలంగాణ, ఆంధ్ర సరిహద్దులోని గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆగిపోయారు. ఒక రాష్ట్రం పోలీసులు ఇచ్చిన పాసు ఇంకో రాష్ట్రంలో చెల్లలేదు. ఏప్రిల్‌లో తమిళనాడు వేలూరు జిల్లాలో చిత్తూరు వైపు వచ్చే రోడ్లకు అడ్డంగా గోడలే కట్టారు, గొడవయ్యాక తీశారు. మన కోసిగి, మంత్రాలయం వైపు నుంచి గుంటూరు మిరప కోతలకు వలస వెళ్లిన కూలీలకు రాష్ట్ర సరిహద్దు కూడా అక్కర్లేకపోయింది. జిల్లా సరిహద్దే గోడ అయింది. మూటాముల్లె, చంటిపిల్లలతో పొలాల్లో పడి ఉన్నారు.

కేంద్రం రాజ్యాంగం 352వ అధికరణం కింద అత్యవసర పరిస్థితి ప్రకటించలేదు. మొత్తం లాక్‌డౌన్ 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం మీద నడిచింది, కింద రాష్ట్రాలు 1897 చట్టం, 144 సెక్షన్ వాడాయి. ఉల్లంఘిస్తే ఐపీసీ 188. ఆ 144, 188ల స్థానంలో మీరు ఇప్పుడు చదివేది కొత్త చట్టాల్లోని బీఎన్‌ఎస్‌ఎస్ 163, బీఎన్‌ఎస్ 223, పాత తీర్పుల్లో మాత్రం పాత నంబర్లే కనిపిస్తాయి. పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలో మనం 1979లో చేరాం. అందులో 4వ అధికరణం కింద హక్కులు పక్కన పెడితే ఐక్యరాజ్య సమితికి నోటీసు ఇవ్వాలి. మన దేశం అలాంటి నోటీసు ఇవ్వలేదు. అంటే చట్టం దృష్టిలో మన హక్కులన్నీ ఆ రోజుల్లోనూ పూర్తిగా అమల్లో ఉన్నట్టే లెక్క. లాఠీ దెబ్బ తిన్న కూరగాయల బండి మనిషికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఇక పుల్లూరు. కర్నూలులో ఈ మాట అనగానే అందరికీ 2021 మే గుర్తొస్తుంది. మనకు పెద్ద జబ్బు చేస్తే ముందు కర్నూలు పెద్దాసుపత్రి, అక్కడ కుదరకపోతే హైదరాబాద్. విజయవాడ కన్నా హైదరాబాదే దగ్గర. రెండో వేవ్‌లో ఆక్సిజన్ బెడ్డు కోసం కడప నుంచి, నంద్యాల నుంచి, అనంతపురం నుంచి అంబులెన్సులు తుంగభద్ర దాటి వెళ్తుంటే అవతల పుల్లూరు టోల్‌గేట్ దగ్గర తెలంగాణ పోలీసులు ఆపారు. హైదరాబాద్ ఆసుపత్రిలో బెడ్డు ముందే ఖాయమై, కంట్రోల్ రూమ్ అనుమతి ఉంటేనే వదులుతామన్నారు. మే 11న ఆ మేరకు సర్క్యులర్ కూడా వచ్చింది. అంబులెన్సుల్లో ఎదురుచూస్తూనే మనుషులు పోయారని అప్పుడు వార్తలు వచ్చాయి. లోపల ఆక్సిజన్ సిలిండర్ అయిపోతోంది, బయట బంధువు ఫోన్ పట్టుకుని ఆసుపత్రి చేత మెయిల్ పెట్టించడానికి ప్రాధేయపడుతున్నాడు. ఆ టెన్షన్ మాటల్లో చెప్పలేం.

మే 14న తెలంగాణ హైకోర్టు ఆ సర్క్యులర్ మీద స్టే ఇచ్చింది. జీవించే హక్కు 21వ అధికరణంలో ఉందని, ప్రాణాపాయంలో ఉన్న రోగిని రాష్ట్రం పేరుతో జాతీయ రహదారి మీద ఆపే అధికారం లేదని ప్రభుత్వానికి గట్టిగా చెప్పింది. మూడు రోజులు. నార్డిక్ ఇన్ఫో తీర్పుకు పట్టిన మూడేళ్లతో పోల్చండి. ఆ మూడు రోజుల్లో పోయినవాళ్లు పోయారు, అది మరవకూడదు. కానీ స్వేచ్ఛను కాపాడే చట్టానికి ఉండాల్సిన వేగం అదే.

తెలంగాణ వాదనలో నిజం లేదని నేను అనను. వాళ్ల బెడ్లు నిండిపోయాయి, బెడ్డు లేకుండా వచ్చిన రోగి రోడ్డు మీదే పోతాడన్న భయం ఉంది. సమాచారం కోసం కంట్రోల్ రూమ్ పెట్టడం మంచిదే. బెడ్డు లేదని చెప్పడం వేరు, వెళ్లకుండా ఆపడం వేరు. ముందుగా ప్రచారం లేదు, అర్ధరాత్రి వచ్చిన కుటుంబానికి ఆ నంబరు తెలియదు, కాదన్నప్పుడు అడిగే చోటు లేదు. లక్సెంబర్గ్ కోర్టు తర్వాతెప్పుడో రాసిన షరతుల్లో చాలావాటిని ఆ సర్క్యులర్ నెరవేర్చలేదు.

యూరప్ వాళ్లకు లేని ఇంకో మేలు మనకు అప్పటికే చేతిలో ఉండింది. కశ్మీర్‌లో ఇంటర్నెట్ ఆపడం మీద మన సుప్రీంకోర్టు ఇచ్చిన అనురాధా భసీన్ తీర్పు 2020 జనవరి 10న వచ్చింది. కరోనాకు రెండు నెలల ముందు. 144 ఉత్తర్వులు జనానికి తెలిసేలా ప్రచురించాలి, కారణాలు రాయాలి, అదే ఉత్తర్వు మళ్లీ మళ్లీ ఇచ్చుకుంటూ పోవడం అధికార దుర్వినియోగం అని అందులో ఉంది. మార్చిలో ఎన్ని జిల్లాల ఉత్తర్వులు దాని ప్రకారం రాశారో మీ సెమినార్ పేపర్‌కు మంచి పని. మీ జిల్లా ఉత్తర్వులు సమాచార హక్కు కింద అడగండి.

సుప్రీంకోర్టు మొదట్లో చాలా వెనకాడింది. వలస కూలీలు నడిచి పోతున్న దృశ్యాలు మార్చి నుంచే అందరూ చూస్తున్నారు, కోర్టు తానుగా కేసు తీసుకున్నది మే 26న. ఊళ్లకు పంపాల్సినవాళ్లందరినీ 15 రోజుల్లో పంపాలన్న ఆదేశం జూన్ 9న. అప్పటికి నడిచేవాళ్లు చాలామంది నడిచేశారు. అదే కోర్టు, కేసుల గడువు తీరిపోకుండా మార్చి 23నే ఆదేశం ఇచ్చింది. 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు ఆ కాలాన్ని లెక్కలోంచి తీసేసింది. లాయర్లకు దొరికిన ఆ తొందర కూలీలకూ దొరికి ఉండాల్సింది. లాయరుగానే ఈ మాట అంటున్నాను.

తర్వాతి తీర్పులు బలమైనవి. ఫ్యాక్టరీల్లో పని గంటలు పెంచి, ఓవర్‌టైమ్ రెట్టింపు వేతనం ఎగ్గొట్టే గుజరాత్ నోటిఫికేషన్‌ను 2020 అక్టోబరు 1న కొట్టేసింది. మహమ్మారి కష్టమే గానీ, దేశ భద్రతకు ముప్పు తెచ్చే పబ్లిక్ ఎమర్జెన్సీ కాదంది. షెంగెన్‌లో జబ్బును భద్రత కింద రాసుకున్న దేశాలను గుర్తు తెచ్చుకుంటే ఈ తీర్పు విలువ తెలుస్తుంది. 2022 మే 2న జాకబ్ పులియెల్ కేసులో ఎవరికీ బలవంతంగా టీకా వేయకూడదని, టీకా వేసుకోనివాళ్ల మీద అప్పటి ఆంక్షలు ఆ రోజు పరిస్థితికి తగ్గట్టు లేవని చెప్పింది. టీకా విధానం మాత్రం సరైనదే అంది. ఈ తీర్పును సగం సగం చదివి పంచుకునేవాళ్లు చాలామంది. పూర్తిగా చదవండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ మీద రెండు రకాల అపోహలు. దానికి ఏ శక్తీ లేదని కొందరు, రేపు అదే మన ఊళ్లో లాక్‌డౌన్ పెడుతుందని ఇంకొందరు. 2005 నాటి అంతర్జాతీయ ఆరోగ్య నియమాలకు 196 దేశాలు కట్టుబడ్డాయి. 43వ అధికరణం ప్రకారం సిఫారసుకు మించి ప్రయాణాలు ఆపే దేశం శాస్త్రీయ కారణం చూపించాలి, ఆ చర్య మొదలైన 48 గంటల్లో తెలియజేయాలి. 2020లో చాలా దేశాలు ఈ మాటను పట్టించుకోలేదు, అడిగే కోర్టూ లేదు. 2024లో నియమాలను సవరించారు, 2025 మేలో 124 దేశాల ఓటుతో మహమ్మారి ఒప్పందం ఆమోదం పొందింది. లాక్‌డౌన్ పెట్టమని, ప్రయాణికులను ఆపమని, టీకా తప్పనిసరి చేయమని ఏ దేశాన్నీ ఆదేశించే అధికారం సంస్థకు లేదని ఆ ఒప్పందంలోనే స్పష్టంగా రాశారు. నా దిగులు ఇంకోవైపు ఉంది. సంస్థ మన మీద పెత్తనం చేస్తుందన్న భయంలో, మన ప్రభుత్వాన్ని కారణం అడిగే నిబంధనలు కూడా పలచనైపోతున్నాయి.

ఇప్పుడు మీ అన్నగారి సంగతి. కడప, రాజంపేట, రాయచోటి వైపు ఇంటికొకరు కువైట్‌లో ఉన్న ఊళ్లున్నాయి కాబట్టి ఇలాంటి కాగితాలు నా టేబుల్ మీదికి చాలా వచ్చాయి. కువైట్ 2020 ఆగస్టులో విమానాలు తెరిచింది, కానీ నిషేధిత దేశాల జాబితాలో మనల్ని పెట్టింది. నేరుగా వెళ్లకూడదు, దుబాయ్ లాంటి మూడో దేశంలో 14 రోజులు ఉండి వెళ్లాలి. ఆ ఖర్చు కొన్ని నెలల జీతం. 2021 ఫిబ్రవరిలో ఆ దారీ మూతపడింది. ఆగస్టు నుంచి టీకా వేసుకున్న అకామాదారులను (నివాస అనుమతి ఉన్నవాళ్లను) రానిచ్చారు. అప్పుడు ఒప్పుకున్న టీకాల్లో ఆస్ట్రాజెనెకా (మన దగ్గర కోవిషీల్డ్) ఉంది, కోవాగ్జిన్ లేదు. ఊరి ఆరోగ్య కేంద్రంలో ఆ రోజు ఏ టీకా ఉంటే అది వేసుకున్న మనిషి బతుకుతెరువు ఆ సీసా మీది పేరుతో తేలిపోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవాగ్జిన్‌ను ఆమోదించింది 2021 నవంబరు 3న.

ఇదే సమస్య యూరప్‌లోనూ వచ్చింది. కోవిషీల్డ్ అక్కడి ఔషధ సంస్థ జాబితాలో లేదు, మన విద్యార్థులు ఆందోళన పడ్డారు. కానీ రెగ్యులేషన్‌లోనే ఒక వెసులుబాటు ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించిన టీకాను సభ్యదేశం ఇష్టపడితే ఒప్పుకోవచ్చు. మన ప్రభుత్వం ఒత్తిడి పెట్టింది, 2021 జులై మొదట్లోనే పలు దేశాలు ఒప్పుకున్నాయి. పట్టుకోవడానికి ఒక రాత ఉంది కాబట్టి పట్టుకున్నారు.

గల్ఫ్‌లో ఆ రాత లేదు. గల్ఫ్ దేశాల కూటమి అయిన గల్ఫ్ సహకార మండలికి లక్సెంబర్గ్ లాంటి కోర్టు లేదు, వలస కార్మికుడికి ఇచ్చిన హక్కు లేదు. 1990 నాటి వలస కార్మికుల ఒడంబడికలో గల్ఫ్ దేశాలు చేరలేదు, మన దేశమూ చేరలేదు. ఇక్కడ ఉండగా అకామా గడువు తీరితే రెన్యువల్ కఫీల్ (స్పాన్సర్ చేసిన యజమాని) చేతిలో ఉంది. కఫీల్ మంచివాడైతే ఉద్యోగం నిలిచింది, కాదంటే అడిగే చోటే లేదు. యాత్రల కంపెనీకి మూడేళ్లకైనా జవాబు చెప్పిన కోర్టు ఉంది. పదేళ్లు ఎండలో పనిచేసిన మనిషికి లేదు. మీ ప్రశ్నలో నన్ను ఎక్కువ కదిలించింది ఇదే. పైన చట్టం ఉంటే స్వేచ్ఛ పోతుందని భయపడేవాళ్లు ఒకసారి ఏ చట్టమూ లేని చోటు చూడాలి.

కాబట్టి అప్పట్లో ఆయనకు కోర్టు దారి లేదు. రాయబార కార్యాలయం దారి ఒక్కటే ఉంది. జీతం బకాయి, సర్వీసు డబ్బు మిగిలి ఉంటే విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు, ఏపీ ఎన్‌ఆర్‌టీ సొసైటీకి (ప్రవాసాంధ్రుల కోసం రాష్ట్రం పెట్టిన సంస్థ) కూడా రాయొచ్చు. కువైట్ కార్మిక చట్టంలో ఇలాంటి క్లెయిములకు కాలపరిమితి ఉంది, అందుకని ఆలస్యం చేయకండి. అకామా రద్దయిన తేదీ, కంపెనీతో చివరి ఒప్పందం, ఆయన ఏ వీసా కేటగిరీలో ఉన్నారో ఇక్కడ రాయండి. పాస్‌పోర్టు నంబరు, సివిల్ ఐడీ నంబరు మాత్రం బహిరంగంగా పెట్టవద్దు. ఇంటిపని వీసానా, కంపెనీ వీసానా అన్నదాన్ని బట్టి వర్తించే చట్టమే మారుతుంది, అది తెలిస్తే ఫిర్యాదులో ఏం రాయాలో చెబుతాను.